ఆ అప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది?

"అమ్మగారూ, ఈ నెల జీతం ముందే ఇప్పించండి. రేపు గ్రూపులో వాయిదా కట్టాలి" అంది మా ఇంట్లో పనిచేసే ఆమె. 2010 నాటి మాట. కూర్చోబెట్టి అడిగితే మూడు కంపెనీల్లో అప్పులున్నాయని తేలింది. ఒకదాని వాయిదా కట్టడానికి ఇంకోదాంట్లో తీసుకుందట! తను కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలి. అందుకే ఆ కంగారు.

పొలం లేదు, బంగారం లేదు. ఈమెకి ఇన్ని అప్పులు ఎవరిచ్చారు? ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ప్రపంచ బ్యాంకు కుటుంబంలో ఐఎఫ్‌సీ అనే సంస్థ ఉంది. 1956లో మొదలైంది. వర్ధమాన దేశాల్లోని ప్రైవేటు కంపెనీలకు అప్పులిస్తుంది, వాటిలో వాటాలు కొంటుంది. మన దేశంలో 1990లో వచ్చిన సిడ్బీ కూడా ఇలా మైక్రోఫైనాన్స్ కంపెనీలకు అండగా నిలిచింది. ఇలాంటి సంస్థ ముందడుగు వేస్తే ప్రైవేటు మదుపరులకూ ధైర్యం వస్తుంది. బ్యాంకు గడప తొక్కలేని ఆడవాళ్లకి అలా అప్పు దొరికింది. అది మంచిదే.

కానీ వాటా కొన్నవాళ్లు లాభం చూస్తారు కదా! హైదరాబాదులోని ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్‌లో సిడ్బీతో పాటు ప్రైవేటు మదుపరులూ వాటాలు తీసుకున్నారు. 2010 ఆగస్టులో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌కెక్కింది. ఆ షేర్ల అమ్మకం విలువ 1,600 కోట్ల రూపాయల పైమాటే. రెండు నెలలు తిరక్కుండానే, మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిళ్లు, ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు పడిపోయాయి. బ్యాంకులు ఈ కంపెనీలకు అప్పులు బిగించాయి. అవసరానికి అప్పు పుట్టక ఆడవాళ్లూ అవస్థపడ్డారు.

ఎంతమందికి అప్పులిచ్చామన్న లెక్క అందరి దగ్గరా ఉంది. ఒక్కో ఇంటి మీద ఎన్ని అప్పులున్నాయో చూసినవాళ్లే తక్కువ.

ఇప్పుడు కొన్ని నియమాలున్నాయి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ అప్పు. ఆ ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు. వడ్డీ, ఖర్చులు అన్నీ రాసిన లోన్ కార్డు మనకు తెలిసిన భాషలో ఇవ్వాలి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకి రాకూడదు.

మొన్న ఆమె కూతురు కుట్టుమిషను కోసం అప్పు తీసుకుంటానంది. ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. ఇంటి రాబడి నెలకి 16 వేలు. అంటే వాయిదాలు 8 వేలు దాటకూడదు. ఇప్పటికే 5 వేలు కడుతున్నారు. కంపెనీ ఇస్తానన్న అప్పుకి వాయిదా 4,200!

"అయితే పాత అప్పు తీరాకే మిషను కొంటానాంటీ" అంది ఆ పిల్ల. వాళ్లమ్మ ముఖంలో ఆ రోజు కనిపించిన నిశ్చింత పదిహేనేళ్ల కిందట నేను చూడలేదు.