బింగో హాలు నుంచి టీవీ తెర దాకా: ఈసీడబ్ల్యూ రక్తం లెక్క

రోమన్ రీన్స్ పక్కన ఏళ్ల తరబడి మైకు పట్టుకుని నిలబడిన పాల్ హేమన్‌ను డబ్ల్యూడబ్ల్యూఈ చూసే తెలుగువాళ్లు ఇట్టే గుర్తుపడతారు. పాతికేళ్లకు పైగా వెనక్కి వెళితే ఆయన వేరే కంపెనీ నడిపేవారు. అది ఫిలడెల్ఫియా కేంద్రంగా ఉన్న ఎక్స్‌ట్రీమ్ చాంపియన్‌షిప్ రెజ్లింగ్, పొట్టిగా ఈసీడబ్ల్యూ. 1997 ఏప్రిల్ 13న ఆ కంపెనీ చేసిన ‘బేర్లీ లీగల్’ షోను ‘హార్డ్‌కోర్’ యుగానికి మైలురాయిగా చెబుతారు. ‘అతికష్టం మీద చట్టబద్ధం’ అని ఆ పేరుకు అర్థం. ఆ షో ప్రసారం కావడమే అతికష్టం మీద జరిగింది.

షో జరిగిన చోటు స్టేడియం కాదు. దక్షిణ ఫిలడెల్ఫియాలో హైవే వంతెన పక్కన ఉన్న పాత బింగో హాలు. వెయ్యి మందికి పైగా పడితే కిక్కిరిసిపోతుంది. అక్కడి ప్రేక్షకులు మంచి వాడు, చెడ్డ వాడు అని చూసి అరిచే రకం కాదు. దెబ్బ గట్టిగా తగిలితే మెచ్చుకుంటారు, తగలకపోతే ఎగతాళి చేస్తారు. కుర్చీలు, బల్లలు, ముళ్లతీగ అక్కడ మామూలు సరంజామా. ఎవరు గెలవాలన్నది ముందే ఖాయమవుతుంది. రక్తం మాత్రం నిజం. బ్లేడు ముక్కతో నుదుటి మీద సన్నగా గాటు పెట్టుకుంటే చెమటతో కలిసి ముఖమంతా ఎరుపెక్కుతుంది. ఇది రెజ్లింగ్‌లో చాలా పాత విద్య.

ఆ విద్యే కంపెనీ మెడకు చుట్టుకుంది. 1996 నవంబరు 23న మసాచుసెట్స్‌లోని రెవెర్‌లో ఒక రెజ్లర్ రాకపోవడంతో, వయసు ఎక్కువ చెప్పిన ఒక కుర్రాడిని బదులుగా దించారు. అతనికి 17 ఏళ్లు. ప్రత్యర్థి న్యూ జాక్ అతని నుదుటిని మరీ లోతుగా కోశాడు. ఆ కేసులో జ్యూరీ తర్వాత న్యూ జాక్‌ను నిర్దోషిగా తేల్చింది. కుర్రాడు అబద్ధం చెప్పాడన్నది నిజమే. కానీ గుర్తింపు కార్డు కూడా చూడకుండా రింగులోకి పంపిన కంపెనీ బాధ్యత దాంతో తీరిపోదు.

ఈ సంగతి బయటికి పొక్కగానే పే-పర్-వ్యూ పంపిణీ సంస్థ రిక్వెస్ట్ టీవీ వెనక్కి తగ్గింది. పే-పర్-వ్యూ అంటే కేబుల్ చందాతో పాటు ఒక్కో షోకు విడిగా డబ్బు కట్టి ఇంట్లో చూడడం. అప్పట్లో అమెరికాలో పెద్ద రెజ్లింగ్ కంపెనీలకు అసలు ఆదాయం అదే. ఈసీడబ్ల్యూ టీవీ కార్యక్రమం చిన్న చానళ్లలో, అర్ధరాత్రి వేళల్లో వచ్చేది. టికెట్లు, వీడియో టేపుల అమ్మకంతో అది రోజులు గడిపేది. పే-పర్-వ్యూ లేకపోతే ఎదుగుదల లేదు. అభిమానులు ఉత్తరాలతో పంపిణీ సంస్థ మీద ఒత్తిడి తెచ్చారు. చివరకు అనుమతి దక్కింది. ఆ ఫిబ్రవరిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సైతం తన ‘రా’ కార్యక్రమంలో ఈసీడబ్ల్యూ మనుషులకు చోటిచ్చి, ఈ షోకు ప్రచారం కల్పించింది.

ఇంత గొడవ తర్వాత జరిగిన షోలో అన్నింటికన్నా బాగున్న పోటీ ఏదంటే, జపాన్ నుంచి వచ్చిన ఆరుగురిది. గ్రేట్ సాసుకే జట్టుకూ టాకా మిచినోకు జట్టుకూ జరిగిన ఆ పోటీ ఆయుధాల మీద కాదు, వేగం మీద నడిచింది. హార్డ్‌కోర్ పేరు చెప్పుకుని ఈసీడబ్ల్యూ ఇలాంటి పనితనానికీ చోటిచ్చింది. ఈ మాట ఎక్కువమంది గుర్తు చేసుకోరు.

ఏడాదికి పైగా ఊరించిన టాజ్, సాబూ పోరు మాత్రం ఆ ఊరింపుకు తగ్గట్టు లేదు. టాజ్ గొంతు బిగించి గెలిచాడు. ఈ సాబూను ‘బొంబాయి నుంచి వచ్చినవాడు’ అని ప్రకటించేవారు. నిజానికి అతను మిచిగాన్‌కు చెందిన, లెబనాన్ మూలాలున్న కుటుంబంలోని వాడు. ‘షేక్’ పేరుతో భయపెట్టిన పాతకాలపు రెజ్లర్‌కు మేనల్లుడు. అమెరికా రెజ్లింగ్‌కు భారతదేశం ఒక వేషం మాత్రమే.

చివరి పోటీలో 52 ఏళ్ల టెర్రీ ఫంక్ ముందు శాండ్‌మన్, స్టీవీ రిచర్డ్స్‌లను దాటి, ఆ వెంటనే రావెన్‌ను ఓడించి టైటిల్ అందుకున్నాడు. నెత్తురోడుతున్న ముఖంతో జనం మధ్యకు వెళ్లాడు. ప్రసారం ముగిసిన కొద్దిసేపటికే హాల్లో కరెంటు పోయింది. అది కొన్ని నిమిషాల ముందు పోయి ఉంటే కంపెనీ కథ ఆ రాత్రే ముగిసేదేమో.

నాలుగు నెలలు తిరక్కముందే, ఆగస్టులో అదే హాల్లో ఫంక్, సాబూ తలపడ్డారు. రింగు తాళ్ల స్థానంలో ముళ్లతీగ కట్టారు. సాబూ చేతి కండ చీలిపోయింది. టేపు చుట్టుకుని ఆట కొనసాగించి టైటిల్ గెలిచాడు. అభిమానులు ఈనాటికీ దాన్ని వీరగాథగా చెప్పుకుంటారు. అమెరికాలో రెజ్లర్లను ఉద్యోగులుగా కాక విడి కాంట్రాక్టర్లుగా లెక్కగడతారు. కంపెనీ తరఫున ఆరోగ్య బీమా ఉండదు. ఆ కండకు అయిన ఖర్చు వీరగాథలో కనిపించదు.

ఈసీడబ్ల్యూ శైలిని పెద్ద కంపెనీలు ఎత్తుకున్నాయి. 1998లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏకంగా హార్డ్‌కోర్ టైటిల్‌నే ప్రవేశపెట్టింది. మనుషుల్ని కూడా ఒక్కొక్కరినే లాక్కున్నాయి. 1999లో దక్కిన జాతీయ చానల్ టీఎన్ఎన్, మరుసటి ఏడాదే ‘రా’ను తెచ్చుకుని ఈసీడబ్ల్యూను వదిలేసింది. 2001 ఏప్రిల్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. జీతాలు అందని రెజ్లర్లు రుణదాతల జాబితాలో మిగిలారు. అప్పటికే హేమన్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వ్యాఖ్యాతల బల్ల దగ్గర కూర్చున్నారు. కుర్చీతో తల మీద కొట్టడాన్ని డబ్ల్యూడబ్ల్యూఈ నిషేధించింది 2010లో.