థాయ్‌లాండ్‌లో పెళ్లి రిజిస్ట్రేషన్: మన బంధువులు సాక్షి సంతకం చేయొచ్చా?

అబ్బాయి బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అక్కడి ముస్లిం అమ్మాయితో సంబంధం కుదిరింది అనుకుందాం. కర్నూలు నుంచి అబ్బా, అమ్మీ, మామూ, చాచా విమానం ఎక్కారు. మసీదులో నికాహ్ అయింది. మామూ, చాచా గవాహ్‌లుగా ఉన్నారు. మర్నాడు ప్రభుత్వ ఆఫీసులో రిజిస్ట్రేషన్. "నిన్న గవాహీ ఇచ్చినవాళ్లమే కదా, ఇవాళ కూడా మేమే సంతకం పెడతాం" అని అందరూ వెళ్లారు. కౌంటర్‌లో అధికారి మామూ పాస్‌పోర్ట్ చూసి, "థాయ్ సాక్షి కావాలి" అన్నాడు. తిరుగు టికెట్ చూస్తే రేపటికే!

ఇలాంటి ఇబ్బంది రాకుండా ఉండాలంటే ముందుగా కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

నికాహ్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు

థాయ్‌లాండ్ సివిల్, వాణిజ్య స్మృతి సెక్షన్ 1457 ప్రకారం రిజిస్ట్రేషన్ అయితేనే అది పెళ్లి. మసీదులో ఇమామ్ చదివిన నికాహ్ షరియత్ ప్రకారం సంపూర్ణమే. కానీ రిజిస్టర్‌లో ఎక్కేదాకా ఆ దేశ చట్టం దృష్టిలో వాళ్లు భార్యాభర్తలు కారు.

ఇది కాగితం గొడవే కదా అని వదిలేయడానికి లేదు. సెక్షన్ 1546 ప్రకారం, పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ చట్టపరంగా తల్లి బిడ్డగానే లెక్క. తండ్రికి ఆ హక్కు రావాలంటే వేరే ప్రక్రియ నడపాలి. భార్య థాయ్ పౌరురాలు కాబట్టి వీసా ఇవ్వండి అని భర్త అడిగినా, ముందు చూసేది రిజిస్ట్రేషన్ పత్రమే. వారసత్వానికీ అదే ఆధారం.

దక్షిణాన పత్తానీ, యలా, నరాథివత్, సతూన్ ప్రాంతాల సంగతి కొంచెం వేరు. అక్కడి కోర్టుల్లో ముస్లింల కుటుంబ, వారసత్వ వివాదాలకు 1946 నాటి ఒక చట్టం కింద ఇస్లామీ న్యాయాన్ని వర్తింపజేస్తారు. బ్యాంకాక్‌కు ఆ ఏర్పాటు లేదు.

సాక్షులు ఎంతమంది?

రిజిస్ట్రేషన్ జరిగేది జిల్లా కార్యాలయంలో. ఊళ్లలో దాన్ని అంఫో అంటారు, బ్యాంకాక్‌లో ఖేత్ అంటారు. మన పాత తాలూకా ఆఫీసు లాంటిది. అక్కడ వధూవరులు ఇద్దరూ స్వయంగా హాజరై, రిజిస్ట్రార్ ఎదుట తమ సమ్మతి చెప్పాలి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. థాయ్ చట్టంలో మేజర్ వయసు 20 ఏళ్లు, కాబట్టి సాక్షులకు అది నిండి ఉండాలి. సాక్షి మగా ఆడా, ఏ మతం అనే పట్టింపు అక్కడ లేదు.

నికాహ్ గవాహ్‌ల లెక్క ఇలా ఉండదు. మన ఇళ్లలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్‌హ్‌లో ఇద్దరు ముస్లిం పురుషులు, లేదా ఒక పురుషుడు, ఇద్దరు స్త్రీలు గవాహ్‌లు కావచ్చు. థాయ్ ముస్లింలలో ఎక్కువమంది షాఫయీలు. వాళ్ల దగ్గర ఇద్దరు పురుషులే ఉండాలి, అమ్మాయి తరఫున వలీ తప్పనిసరి. ఇమామ్ సాబ్‌తో ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

విదేశీయులు సాక్షులు కావచ్చా?

దీనికి అన్ని ఆఫీసుల్లో ఒకే జవాబు దొరకదు. కొన్ని చోట్ల పాస్‌పోర్ట్ చూపిస్తే విదేశీయుడి సంతకం తీసుకుంటారు. కొన్ని చోట్ల ఇద్దరిలో ఒకరైనా థాయ్ పౌరులు కావాలంటారు. ఇంకొన్ని చోట్ల ఇద్దరూ థాయ్ వాళ్లే అయి ఉండాలంటారు. బంధువో స్నేహితుడో "మా పెళ్లికి ఒప్పుకున్నారు" అన్నాడంటే అది ఆ ఆఫీసు మాట. మీరు వెళ్లే ఆఫీసు మాట వేరుగా ఉండొచ్చు.

అధికారులు వెనకాడటానికి కారణం అర్థం చేసుకోదగ్గదే. థాయ్ పౌరుడైతే గుర్తింపు కార్డు మీద 13 అంకెల నంబర్ ఉంటుంది, మనిషి ఎవరో అక్కడికక్కడే తేలిపోతుంది. రేపు ఏదైనా వివాదం వస్తే పిలిపించవచ్చు. టూరిస్టుగా వచ్చిన మన చాచాను ఎక్కడని వెతుకుతారు? పైగా ఫారాలన్నీ థాయ్ భాషలో ఉంటాయి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టినవాడు దేనికి సాక్షి అయినట్టు? అందుకే వధూవరులలో ఎవరికైనా థాయ్ రాకపోతే దుబాసీని కూడా తెచ్చుకోమంటారు.

సాక్షి సంతకం బరువు ఎంత?

మన దగ్గర కొందరు "ఒక సంతకమే కదా" అని పెట్టేస్తారు. అక్కడ అది పనికిరాదు. ప్రభుత్వ రికార్డులో అబద్ధం రాయించడం థాయ్ శిక్షాస్మృతి సెక్షన్ 267 కింద నేరం. 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

ముఖ్యంగా ఒక విషయంలో జాగ్రత్త. సెక్షన్ 1452 ప్రకారం, భార్య లేదా భర్త ఉన్నవారికి రెండో పెళ్లి రిజిస్టర్ చేయరు. "షరియత్‌లో అనుమతి ఉంది కదా" అనే మాట రిజిస్ట్రార్ దగ్గర చెల్లదు. ఇండియాలో భార్య ఉందని తెలిసి కూడా "అబ్బాయికి పెళ్లి కాలేదు" అని చెప్పిన బంధువు తనూ చిక్కులో పడతాడు. అన్యాయమయ్యేది మాత్రం ఇద్దరు ఆడపిల్లలకు. అబద్ధపు గవాహీ మన దీన్‌లో ఎంత పెద్ద పాపమో వేరే చెప్పాలా?

మిగతా కాగితాలు

భారతీయ వరుడు బ్యాంకాక్‌లోని మన ఎంబసీ నుంచి, తన పెళ్లికి అడ్డంకి లేదని ధ్రువపత్రం తీసుకోవాలి. దాన్ని థాయ్‌లోకి అనువాదం చేయించి, అక్కడి విదేశాంగ శాఖ కాన్సులర్ విభాగంలో ధ్రువీకరణ వేయించాలి. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు, కొన్ని రోజులు చేతిలో పెట్టుకోవాలి.

వయసు విషయం: 2025 జనవరి 23 నుంచి పెళ్లి వయసు 18 ఏళ్లు. 20 లోపు వారికి తల్లిదండ్రుల అనుమతి కావాలి.

అమ్మాయికి ఇది రెండో పెళ్లి అయితే ఇంకో మాట. మన దగ్గర ఇద్దత్ చూస్తాం. అక్కడ భర్త చనిపోయిన లేదా విడాకులైన స్త్రీ 310 రోజులు ఆగాలని సెక్షన్ 1453 చెబుతుంది. గర్భం లేదని వైద్యుడి పత్రం ఉంటే ఆగనక్కర్లేదు. ఇద్దత్ పూర్తయినా ఆ పత్రం లేక పెళ్లి ఆగిపోవచ్చు.

రిజిస్ట్రేషన్ అయ్యాక కోర్ రోర్ 3 అనే వివాహ పత్రం, కోర్ రోర్ 2 అనే రిజిస్టర్ నకలు ఇస్తారు. ఇండియాలో వాడుకోవాలంటే ఇంగ్లిష్ అనువాదం, ధ్రువీకరణలు చేయించుకోవాలి. సంతకాలు, పేర్ల స్పెల్లింగు అక్కడే సరిచూసుకోండి. పాస్‌పోర్ట్‌లో ఒకలా, పత్రంలో ఒకలా ఉంటే తర్వాత తిరగలేక చస్తారు.

బయల్దేరే ముందు

అమ్మాయి తరఫు వాళ్లతో ఆ జిల్లా కార్యాలయానికి ఫోన్ చేయించండి. విదేశీ సాక్షిని ఒప్పుకుంటారా, ఎంతమందిని, దుబాసీ కావాలా అని అడిగించండి. ఏం చెప్పినా సరే, 20 ఏళ్లు దాటిన ఇద్దరు థాయ్ పెద్దలను గుర్తింపు కార్డులతో సిద్ధంగా ఉంచుకోండి. అమ్మాయి అన్నో, పిన్నో, పక్కింటివాళ్లో చాలు. అలా ఉంటే ఏ ఆఫీసులోనూ పని ఆగదు.

మామూకు, చాచాకు చిన్నతనం ఏమీ లేదు. వాళ్ల గవాహీ నికాహ్‌లో ఉండనే ఉంది. ఆఫీసు సంతకం ఎవరిదైనా, కోడలి హక్కు, పుట్టబోయే బిడ్డ హక్కు పదిలంగా ఉండటమే మనకు కావాల్సింది.