అమెరికా పాన్‌కేక్‌లో మన కలేపండ్లు

“అమ్మమ్మా, వైల్డ్ బ్లూబెర్రీ పాన్‌కేక్స్ చేస్తావా?”

నాలుగేళ్ల తర్వాత బోస్టన్ నుంచి నారాయణఖేడ్ వచ్చిన మా మనవరాలు మూడో రోజు పొద్దున అడిగిన మాట ఇది. అప్పటిదాకా జొన్నరొట్టె ముట్టలేదు, ఉప్మా ముట్టలేదు. ఎనిమిదేళ్ల పిల్ల నోరు తెరిచి అడిగింది అదొక్కటే. రాదని ఎట్లా చెప్తాను?

మా అమ్మాయి వస్తూ వస్తూ హైదరాబాద్‌లో ఫ్రోజెన్ బ్లూబెర్రీ ప్యాకెట్ కొన్నది. వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో అవి కరిగి నీళ్లయ్యాయి. సరే, వాటితోనే మొదలుపెట్టాను. అట్టు పొంగాలని వంటసోడా కాస్త ఎక్కువే వేసి, పండ్లన్నీ పిండిలో కలిపేశాను. పెనం మీద చూస్తే ఏముంది, అట్టంతా బూజు పట్టినట్టు ఆకుపచ్చగా! పిల్ల పళ్లెం పక్కకు జరిపింది. నా మనసు చివుక్కుమన్నది.

అమ్మాయి నవ్వి అసలు సంగతి చెప్పింది. ఆ పండ్ల రంగుకు పులుపు తగిలితే ఎర్రబడుతుందట. సోడా తగిలితే నీలంగానో ఆకుపచ్చగానో మారుతుందట.

“ఇంకో మాటమ్మా. ఇవి తోటల్ల పెంచిన పెద్ద పండ్లు. ఇది అడిగేది అడవివి. మాకు దగ్గర్ల మెయిన్ రాష్ట్రముంది, అక్కడ నేలబారు పొదలకు కాస్తయి. బఠాణీ గింజంత ఉంటయి. ఎవరూ నాటరు. ఆగస్టుల మేమే పోయి తెంపుకుంటం.”

ఎవరూ నాటని పొద. నల్లటి చిన్న పండు. నాకు మా చేను గట్టు యాదికొచ్చింది. మిరుగం రోజులు కదా, కలేపండ్లు ఇంకా ఉండాలి!

సాయంత్రం పిల్లను తీసుకొని చేనికి పోయాను. మా చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఈ పండ్లు తిని నాలుకలు నల్లగా చేసుకునేవాళ్లం. ఇప్పుడు తండాల ఆడవాళ్లు దొప్పల్లో తెస్తే కొనుక్కోవడమే. ముల్లు గుచ్చుకుంటే పిల్ల ఏడుస్తుందనుకున్నాను. వేలు చప్పరించి మళ్లీ పొదలో చెయ్యి పెట్టింది. తెంపినవాటిలో సగం అక్కడే తిన్నది.

మర్నాడు చేసిన తీరు చెప్తాను, రాసుకోండి.

బాగా నల్లబడిన పండ్లే తీసుకోవాలి, పచ్చివాటికి పాలు కారతాయి. కడిగి, చీరి, గింజలు తీసేయాలి. అరకప్పు గోధుమపిండి, అరకప్పు జొన్నపిండి, చెంచా బేకింగ్ పౌడర్, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు కలపాలి. వంటసోడా వద్దు. ఒక గుడ్డు, కప్పు పుల్లమజ్జిగ, రెండు చెంచాల కరిగిన వెన్న పోసి తిప్పాలి. ఉండలు కాస్త మిగిలినా పర్వాలేదు, ఎక్కువ గిలకొడితే అట్టు గట్టిపడుతుంది. పది నిమిషాలు ఆగి, సన్నమంట మీద గరిటెడు పోసి, పండ్లు పైన చల్లాలి. బుడగలు లేచి పగిలాక తిప్పేయాలి. ఉత్త జొన్నపిండితో చేస్తే విరిగిపోతుంది, గోధుమపిండి ఉండాల్సిందే. మేపుల్ సిరప్ బదులు బెల్లం పాకం పోశాను. ఒక మాట, తెలియని పొద పండ్లు మాత్రం తెంపకండి.

పిల్ల ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టుకున్నాను.

“ఇవి బ్లూబెర్రీస్ కావు అమ్మమ్మా,” అన్నది. నా ముఖం చిన్నబోయింది.

“ఇంకోటి వెయ్యి!”

నాలుగు తిన్నది. మధ్యాహ్నం జొన్నరొట్టె కూడా తుంచింది.

ఆ గట్టు మీది ముళ్లపొదలు చీరకు పట్టుకుంటున్నాయని, జేసీబీ పెట్టి తీయించమని రెండేళ్లుగా మా ఆయన ప్రాణం తీస్తున్నది నేనే. ఆ పూటే చెప్పాను, “గట్టు జోలికి పోకుండ్రి. వచ్చే ఏడు పిల్ల మళ్లొస్తది” అని.