యూదుల పస్కా పండుగ

వసంతర్తువున యూదులు జరుపుకొను పండుగలలో పస్కా మిక్కిలి ముఖ్యమైనది. హీబ్రూ భాషలో దీనిని పెసహ్ అందురు. వారి పంచాంగమున నీసాను మాసము 15వ దినమున, పున్నమివేళ, ఇది యారంభమగును. ఇశ్రాయేలు దేశమున 7 దినములును, ఇతర దేశములలో పెక్కుచోట్ల 8 దినములును జరుపుదురు.

దీనికి మూలమైన కథ బైబిలులోని నిర్గమకాండమున గలదు. ఇశ్రాయేలీయులు ఐగుప్తున ఫరో రాజునకు బానిసలై ఇటుకలు చేయుచు అలమటించిరి. వారి మగశిశువులను చంపుడని రాజు మంత్రసానుల కాజ్ఞాపింపగా, శిఫ్రా, పూయా యను వారిద్దఱును దైవభీతిచే ఆ పాపమునకు పాల్పడరైరి. మోషేను తల్లి జమ్ముపెట్టెలో నుంచి నదియొడ్డున విడువగా, అక్క కావలి కాచెను. రాజకుమార్తెయే యతనిని పెంచెను. ఇట్లు ఆ విమోచనమునకు స్త్రీలే నాంది పలికిరి. తుదకు ఐగుప్తు తొలిచూలు సంతానము నశించిన రాత్రి, ద్వారబంధములకు గొఱ్ఱెపిల్ల రక్తము పూసిన యిండ్లను మృత్యువు దాటిపోయెను. ఆ దాటిపోవుటయే పస్కా.

పండుగనాళ్లలో పులిసిన పిండివంట యేదియు ఇంట నుండరాదు. ముందటి రాత్రి దీపపు వెలుగున మూలమూలలు వెదకి, దొరికిన తునుకలను మఱునాటి యుదయమున కాల్తురు. పిమ్మట పులియని మత్సా రొట్టెయే యాహారము. పిండికి నీరు తగిలిన 18 నిమిషములలోపల దానిని కాల్చవలెను. త్వరితముగ వెడలిన పూర్వులకు పిండి పులియు వ్యవధియైనను లేకపోయెనని దాని భావము.

తొలిరాత్రి విందునకు సేదెర్ అని పేరు. చేదుకూర దాస్యబాధకును, ఉప్పునీరు కన్నీటికిని, పండ్లు, గింజలు కలిపి నూరిన ముద్ద ఇటుకల యడుసునకును గుఱుతులు. ఐగుప్తుపై బడిన పది యుత్పాతములను స్మరించునపుడు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ద్రాక్షారసపు బొట్టును పాత్రనుండి తీసివేయుదురు. శత్రువులు బాధపడినపుడైనను సంతోషపాత్ర నిండుగ నుండరాదని పెద్దలు వివరింతురు.

1943 ఏప్రిల్ 19వ తేదీన, పస్కా ముందటి దినముననే, వార్సాలోని యూదుల నిర్బంధవాటికపై నాజీ సైన్యము వచ్చిపడెను. వారు ఎదిరించి పోరాడిరి. ఆ రాత్రియు కొందఱు సేదెర్ జరిపిరి. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతగల కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిం అను తెలుగు కుటుంబములును ఈ పండుగ జరుపుకొందురు.

ఆ రాత్రి విశేషమేమని కడగొట్టు బిడ్డ ప్రశ్నింపగా, పెద్దలు హగ్గదా గ్రంథమును చదివి కథ చెప్పుదురు. అడుగుటకు బిడ్డ లేనిచో భార్య యడుగవలెను. ఒంటరివాడు తన్ను తానే యడుగుకొనవలెను. ప్రశ్న మాత్రము మానరాదు.