పట్టణ పునరుద్ధరణ: ప్రజల చేతి పటము

వానాకాలంలో ఒక రాత్రి గట్టివాన కురిసిందనుకొందాము. తెల్లవారేసరికి ఏ గల్లీలో మోరీ పొంగిందో, ఏ ఇంటి గడప దాటి నీరు లోనికి వచ్చిందో ఆ వాడలోని ప్రతి ఇల్లాలికీ తెలుస్తుంది. గద్వాల నేతవారి ఇండ్లలో గుంటమగ్గాలుంటాయి. ఆ గుంటలో నీరు ఊరిందంటే నాటికి నేత ఆగినట్లే. గుంట ఆరేవరకు కూలి లేనట్లే. ఈ సంగతి ఇరుగుపొరుగులకు తెలుసు. కాని పురపాలక కార్యాలయపు కాగితంలో ఆ మోరీ ఒక గీత మాత్రమే. అది ఎక్కడ పూడినదో, ఎవరి కూలిని ముంచుతున్నదో ఆ గీతను చూచి చెప్పలేము. తెలిసినవారొకరు, నిర్ణయించేవారు మరొకరు. పట్టణాల బాగుసేతలో కలిగే చిక్కులు పెక్కింటికి ఈ ఎడమే మూలము. దానిని తగ్గించుటకు నేడు మన చేతికి అందిన ఒక సాధనమును గూర్చి ముచ్చటించుకొందాము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడునూ పాత పాలమూరు జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరు 11న మూడునూ జిల్లా కేంద్రాలైనాయి. మొదటి రెండు సంస్థానాల రాజధానులు. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి ఆలయమున్నది. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ కళాశాలకు నెలవైంది. ఊరికి నల్లచెరువు ఉన్నది. నాగర్‌కర్నూలుకు కేసరి సముద్రం అందమునూ, ఆధారమునూ. 2011 జనాభా లెక్కల నాటికి గద్వాల, వనపర్తులలో ఒక్కొక్కదాని జనసంఖ్య సుమారు 60 వేలు. నాగర్‌కర్నూలు అంతకంటె చిన్నది. జిల్లా కచేరీలు వచ్చిన ఊళ్ళకు రాకపోకలు పెరుగుతాయి, అంగళ్ళు పెరుగుతాయి, పొలాలలో కొత్త కాలనీలు వెలుస్తాయి. ఆ బరువంతా మోసేవి మాత్రం పాత వాడల ఇరుకు దారులు, పాత మోరీలు, పాత చెరువులే.

పునరుద్ధరణ అనగానే పాతదానిని పడగొట్టి కొత్తది కట్టుట అని కొందరి భావం. ఈ భావము తప్పని వందేళ్ళ క్రిందటనే చెప్పినవాడొకడున్నాడు. ఆయన పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు దేశీయుడు. 1914లో మన దేశానికి వచ్చి, సుమారు పదేళ్ళ కాలంలో అనేక పట్టణాలు కాలినడకన తిరిగి చూచి, వాటి బాగుకు నివేదికలు వ్రాశాడు. ఇందోరు నగరంపై ఆయన వ్రాసిన నివేదిక 1918లో వెలువడింది. వైద్యుడు నాడి చూచిన తరువాతనే మందిచ్చునట్లు, పట్టణమును ముందు పరీక్షించి తరువాతనే చికిత్స చేయవలెననియు, కత్తి పెట్టక తప్పనిచోట మాత్రమే పెట్టవలెననియు ఆయన మతం. పాత చెరువులను, బావులను పూడ్చక బాగుచేసుకొమ్మని కూడ ఆయన హెచ్చరించాడు. పరీక్ష సరిగా జరగవలెనంటే, ఊరి నాడి తెలిసిన ఊరివారు అందులో పాల్గొనవలె.

అట్టి పరీక్షకు పటము ఎంత తోడ్పడుతుందో తెలిపే గాథ ఒకటి ప్రసిద్ధం. 1854లో లండనులో ఒక పేటలో కలరా చెలరేగింది. జాన్ స్నో అను వైద్యుడు ఏ ఇంట ఎందరు మరణించారో విచారించి, ఆ లెక్కను వీధుల పటంపై గుర్తించాడు. గుర్తులు బ్రాడ్ వీధిలోని ఒక నీటి పంపు చుట్టూ గుమిగూడి కనబడినాయి. ఆయన చెప్పగా సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని తొలగించారు. కలరా చెడుగాలి వలన వస్తుందని నమ్మిన ఆ రోజులలో, నీటిని అనుమానించుటకు ఆ విచారణ, ఆ పటము గొప్ప ఆధారమైనాయి. విడివిడిగా ఉన్నప్పుడు ప్రతి మరణమూ ఒక ఇంటి దుఃఖమే. ఒకచోట చేర్చి చూచినప్పుడు అది ఊరి సమస్యయై, దాని కారణము కూడ కంటికి కనబడింది.

ఈ పనికి నేటి చేతిఫోను ఎట్లు ఉపయోగపడుతుంది? ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు ఎడతెగక కాలసంకేతాలు పంపుతుంటాయి. ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలందుకొని, ఒక్కొక్కటి చేరుటకు పట్టిన కాలమును లెక్కించి, తానున్న తావును తేల్చుకొంటుంది. అమెరికావారి ఉపగ్రహ వ్యవస్థలో పౌరులకు అందే సంకేతాలను బుద్ధిపూర్వకంగా కొంత చెరచి పంపే పద్ధతి ఉండేది. 2000 సంవత్సరం మే నెలలో దానిని మానివేశారు. నాటినుండి సామాన్యుని చేతి పరికరం కూడ తెరిపి ప్రదేశంలో కొద్ది మీటర్ల తేడాతో స్థలాన్ని చెప్పగలుగుతున్నది. మోరీ వెంట నడుస్తూ, పూడినచోట, పగిలినచోట, పొంగినచోట ఒక్కొక్క గుర్తు వేసి, ఛాయాచిత్రం తీసి, రెండు ముక్కలు తెలుగులో వ్రాస్తే చాలును. అక్కడ తరంగాలు అందకపోయినా ఫోను ఆ వివరాలను దాచుకొని, అందినచోట పంపుతుంది. పదిమంది పది వీధులలో వేసిన గుర్తులు ఒకే పటంపై కూడుకొంటాయి.

డిజిటల్ పటములోని విశేషం దాని పొరలలో ఉన్నది. పలుచని కాగితాలు ఒకదానిపై ఒకటి పరచినట్లు, వీధులు ఒక పొర, మోరీలు ఒక పొర, దీపస్తంభాలు ఒకటి, నల్లాలు ఒకటి, చెరువు హద్దు మరొకటి. మోరీ పొంగే తావుల పొరను నల్లా గొట్టాల పొరపై పరిస్తే, మురుగు మంచినీటితో కలిసే ప్రమాదమెక్కడున్నదో బయటపడుతుంది. దీపాలు లేని మలుపుల పొరను బడికి పోయే దారులపై పరిస్తే, ముందు వెలుగు ఎక్కడ కావలెనో తెలుస్తుంది.

అయితే ఈ సాధనానికి హద్దులున్నాయి. ఇరుకు గల్లీలో గోడల నడుమ ఫోను స్థలాన్ని సరిగా చెప్పలేదు. ఒక మోరీని పక్క వీధిలో చూపినా చూపుతుంది. ఎత్తుపల్లాల విషయంలో దాని మాట మరింత నమ్మదగదు. మోరీకి కావలసిన వాలు అంగుళాలలో ఉంటుంది. ఫోను చెప్పే ఎత్తులో తప్పు గజాలలో ఉంటుంది. అక్కడ మన తాపీమేస్త్రి మట్టం చూచే నీళ్ళ గొట్టమే ఎక్కువ నిజం పలుకుతుంది. కావున ఫోను వేసిన గుర్తును ఆ వీధివారే మరల నడచి సరిచూచుకొనవలె.

ఇట్టి పనికి పూనుకొనదగిన సంఘాలు మన పట్టణాలలో లేకపోలేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోనికి వచ్చింది. అది వార్డు కమిటీలను మూడు లక్షలు, ఆ పైని జనాభా గల పట్టణాలకే తప్పనిసరి చేసింది. మన మూడు ఊళ్ళకూ అది వర్తించలేదు. ఆ లోటును 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం తీర్చింది. ప్రతి వార్డుకు యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానిలో 15 మంది సభ్యులు ఉండవలెనని అది విధించింది. మరొక వంక 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, అనగా 'మెప్మా', ఆధ్వర్యాన పొదుపు సంఘాలు, అవి కూడిన బస్తీ సమాఖ్యలు, వాటిపై పట్టణ సమాఖ్యలు ఉన్నాయి. ప్రతి నెలా పైసా పైసా లెక్క వ్రాసుకొనే ఆ తల్లులకు మోరీల లెక్క వ్రాయుట కష్టమైన పని కాదు.

ప్రజలను కూడగట్టి బస్తీలను బాగుచేయుట మనకు కొత్త కూడ కాదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లోనే పట్టణ సమాజాభివృద్ధి పథకమును ప్రారంభించింది. కార్యకర్తలు బస్తీలకు పోయి, అక్కడివారి చేతనే సంఘాలు పెట్టించి, వారు కోరిన పనులను వారి పాలుతోనే చేయించారు. బాలవాడీలతో మొదలైన కృషి క్రమంగా స్వయంగా ఇండ్లు కట్టుకొనుట వరకు సాగింది. ఈ మధ్య సికిందరాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి కథ కూడ అటువంటిదే. దశాబ్దాల తరబడి మట్టితో, చెత్తతో పూడిపోయి కనుమరుగైన ఆ బావిని, రెయిన్‌వాటర్ ప్రాజెక్టు అను సంస్థ నగరపాలక సంస్థతోను, ఇతర స్వచ్ఛంద సంస్థలతోను చేయి కలిపి వెలికితీసింది. 2022 డిసెంబరు 5న దానిని ప్రజలకు తెరిచారు.

డిజిటల్ పటముతో ఇదే పని చేసిన ఉదాహరణ కెన్యా దేశంలో ఉన్నది. నైరోబీ నగరంలో కిబేరా అను పెద్ద మురికివాడ, వేలాది కుటుంబాలు బ్రతుకుతున్నా, అధికార పటాలలో శూన్యంగా ఉండేది. 2009లో ఆ వాడ యువకులే పరికరాలు చేతబట్టి నడిచి, తమ దారులు, నీటి తావులు, బడులు, వైద్యశాలలు గుర్తించారు. వారు వాడుకొన్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఉమ్మడి పటము 2004లో ఇంగ్లండులో మొదలైంది. ఎవరైనను అందులో చేర్చవచ్చును, దిద్దవచ్చును, వాడుకొనవచ్చును. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను స్వచ్ఛందంగా వ్రాసి పెంచినవారికి ఈ పద్ధతి పరిచితమే. వీధుల పేర్లను ఈ పటంలో తెలుగు లిపిలోనే వ్రాసుకొనవచ్చును. మన దేశంలో పటాలు తయారుచేయుటకు ముందుగా పొందవలసిన అనుమతులను చాలవరకు 2021 ఫిబ్రవరి 15న ప్రభుత్వం తొలగించింది.

ఇంతవరకు లాభములను గూర్చి చెప్పుకొన్నాము. ఇక భయమును గూర్చి చెప్పుకొనవలె. అది చిన్నది కాదు. చెరువు పునరుద్ధరణనే తీసుకొందాము. కట్ట మీద బాట, దీపాలు, బల్లలు వేయుటకు ముందు అలుగు, తూము, నీరు వచ్చే కాలువలు, శిఖం హద్దు గుర్తించవలె. శిఖంలోనికి ఎవరు చొచ్చుకొని వచ్చారో పటంలో వెంటనే తేలుతుంది. అందులో ప్లాట్లు చేసి అమ్మినవారుంటారు. మరి ఎక్కడా చోటు దొరకక గుడిసె వేసుకొన్నవారుంటారు. పటంపై ఇద్దరి గుర్తూ ఒకే రంగులో ఉంటుంది. సర్వేకు వచ్చినవారికి తన చేతులతోనే తన ఇల్లు చూపిన తల్లి, మరుసటి నెల ఆ గుర్తే ఆధారంగా ఖాళీ చేయుమను నోటీసు అందుకొంటే, ఆ వాడలో మరి ఎవరైనా నోరు విప్పుతారా? ఆమె చూపకపోతే అలుగు పారిన రాత్రి ఆ ఇంట పసిపిల్లలున్నారని రక్షించేవారికి తెలిసే దారి లేదు. పటంలో ఉండుట ఒక ప్రమాదం. లేకుండుట మరొక ప్రమాదం.

కావున గుర్తు వేయుటకు పూర్వమే సంఘం కూర్చుండి కొన్ని నియమాలు చేసుకొనవలె. వీధులు, మోరీలు, బావులు, దీపాలు అందరి సొత్తు. వాటి పొరను అందరికీ తెరచి ఉంచవచ్చును. కుటుంబాల పేర్లు, జబ్బులు, అప్పులు, ఇంటి పత్రాల వివరాలు ఆ కుటుంబాల సొత్తు. అవి సమాఖ్య వద్దనే తాళం క్రింద ఉండవలె. ఇంటివారి సమ్మతి లేక బయటికి పోరాదు. వ్యక్తుల వివరాల రక్షణ కొరకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. అంగడి వీధుల సంగతిలో 2014 నాటి వీధి వర్తకుల చట్టం మరింత స్పష్టంగా ఉన్నది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చువరకు ఏ వీధి వర్తకునీ తొలగించరాదు. పట్టణ వర్తక కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండ వర్తకులే ఉండవలె. బండి మీద పండ్లు అమ్మే అక్క తన తావును పటంలో వేయించుకొనుటకు జంకనక్కరలేదు. అది ఆమెకు సాక్ష్యము.

మరొక మాట. ఇంట ఫోను ఒక్కటే ఉంటే అది చాలవరకు మగవారి జేబులోనే ఉంటుంది. ఫోనున్నవారి కష్టాలే పటమెక్కితే, లేనివారి వీధి బాగున్నట్లే కనబడుతుంది. కావున తయారైన పటమును పెద్ద కాగితంపై అచ్చువేయించి, రచ్చకట్ట వద్దనో, బడి గోడకో అతికించి, చదువురాని ముసలమ్మ కూడ వేలుపెట్టి "ఇక్కడ కాదు నాయనా, అక్కడ" అని చెప్పే అవకాశం కలిగించవలె. ఆ తరువాత ఒక ప్రతిని పురపాలక కమిషనరుకు ఇచ్చి, అందినట్లు తేదీతో రసీదు తీసుకొనవలె. ఆరు నెలలకు మరల అదే దారిన నడచి, బాగైన గుర్తులెన్నో, కానివెన్నో గుర్తించవలె. పని ఏమైందని అడుగుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉన్నది.

రేడియో కలవారికి ఈ పద్ధతి కొంత పరిచయమైనదే. 1956లో పూనా ప్రాంతపు 150 గ్రామాలలో ఒక ప్రయోగం జరిగింది. ఊరివారు ఒకచోట కూడి రేడియో ప్రసంగం విని, దానిపై చర్చించి, తమకు తోచిన పని చేసి, సందేహాలను మరల కేంద్రానికి వ్రాశారు. వినుట, చర్చించుట, ఆచరించుట అన్న మూడు మెట్లు వారివి. ఆ రేడియో పెట్టె ఎంత మంచిదైనా, చర్చ లేనిచోట అది పాటల పెట్టెగానే మిగిలేది. నేటి ఫోను కూడ అంతే. పటము మోరీలోని పూడిక తీయదు. తీయవలసిన చోటును పదిమందికి ఒక్కటిగా చూపుతుంది. ఈ వానాకాలం రాకముందే మీ వీధివారు నలుగురు కలిసి ఒక సాయంకాలం మీ మోరీ వెంట మొదటినుండి చివరివరకు నడచి చూడండి. ఎవరి గడప ముందు మొదట ఆగవలసి వస్తుందో అక్కడ మొదటి గుర్తు వేయండి.