మాయాలోకములో మన యిల్లు



భారతమున మయుడు ధర్మరాజునకు నిర్మించి యిచ్చిన సభను గూర్చి మన యిండ్లలో విననివా రుండరు. నేల యనుకొన్నచోట నీరును, నీరనుకొన్నచోట నేలయునై సుయోధనుని భ్రమపెట్టిన సభ యది. నేడు కంప్యూటర్ల మూలమున నట్టి సభలు లోకమునందు పెక్కు వెలసినవి. తెరపై వీధులు, తోటలు, మేడలు కనబడును. మనకు మారుగా మన ప్రతిమ యొకటి యందు నడచును, మాటలాడును, దూరదేశముల నున్న చుట్టముల ప్రతిమలతో గూడి కూర్చుండును. వీనినే వర్చువల్ ప్రపంచములనియు, మెటావర్సనియు పిలుచుచున్నారు.

ఇవి పనిలేని కుర్రవాండ్ర యాటలని త్రోసివేయ వీలులేదు. 2022 ఫిబ్రవరిలో తమిళనాట కృష్ణగిరి జిల్లాలోని యొక పల్లెలో పెండ్లియాడిన దంపతులు తమ విందు నిట్టి లోకముననే జరిపిరి. స్వర్గస్థుడైన వధువు తండ్రి ప్రతిమను గూడ నందు నిలిపిరి. ఆ యేడే ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ ప్రభుత్వము తన అంతరిక్ష సాంకేతిక విధానమును మెటావర్సునందే వెలువరించెను. పెండ్లివిందులును, ప్రభుత్వ కార్యములును జరుగుచోట రేపు మన పిల్లల చదువులును, మన పేరంటములును జరుగవని యెవరనగలరు? కావున మన మిప్పుడే యడుగవలసిన ప్రశ్న యొకటి గలదు: ఆ మంటపము నిలిచిన నేల యెవరిది?

సికింద్రాబాదు వారి కీ ప్రశ్న క్రొత్తది గాదు. మన కంటోన్మెంటులో ‘ఓల్డు గ్రాంటు’ బంగళాలు గలవు. వానియందు కట్టడము నివాసిది, నేల ప్రభుత్వముది. తాతలనాటి గోడలైనను, నీడనిచ్చు చెట్లు మనము నాటినవే యైనను, నోటీసిచ్చి కట్టడమునకు పరిహారము చెల్లించి నేలను మరల గైకొను హక్కును ప్రభుత్వము తనయందే నిలుపుకొన్నది.

వర్చువల్ ప్రపంచమునకు నేల యనదగినది సర్వరు. అది రేయింబవళ్లు పనిచేయుచుండు నొక కంప్యూటరు. ఎవరు వచ్చిరి, ఏ గోడ యెచ్చట నున్నది, ఎవరి పెట్టెలో నేమి గలదు అను విషయములన్నియు గుర్తుంచుకొనునది యదియే. దాని నాపిననాడు ఆ లోకమే లేదు. పెద్ద సంస్థలు సర్వర్లను తమ గుప్పిట నుంచుకొని మనకు నివాసము మాత్రమే యిచ్చును. లాభము తగ్గినను, తలంపు మారినను తలుపులు మూయును. గూగులువారి లైవ్లీ యను లోకము 2008 జూలైలో పుట్టి, ఆ డిసెంబరు కడపటి దినముననే గతించెను. మన దేశమున నెందరో స్నేహితులను గూర్చిన ఆర్కుట్ కూడలి 2014 సెప్టెంబరు 30న మూతపడెను. మైక్రోసాఫ్టువారి ఆల్ట్‌స్పేస్ వీఆర్ 2023 మార్చి 10న ముగిసెను. బంగళావారికి నోటీసును, పరిహారమును గలవు. ఈ లోకములవారికి నోటీసే కాని, కట్టుకొన్న యింటికి పరిహారమను మాట లేదు.

దీనికి విరుగుడుగా వచ్చినది ఓపెన్ సోర్సు పద్ధతి. అంగడిలో గొన్న యావకాయకును, కారమెంత, ఉప్పెంత, ఆవపిండి యెంత యని కొలతలు నేర్చి పెట్టుకొన్న యావకాయకును గల భేదమే యిందును గలదు. కొన్న జాడీ యడుగంటినచో అంగడివాని దయ. కొలత తెలిసినవారు ఏటేట మామిడికాయ వచ్చినపుడు తిరిగి పెట్టుకొందురు, తమ రుచికి దగినట్లు మార్చుకొందురు, పొరుగువారికిని జెప్పుదురు. సాఫ్టువేరు వ్రాత నిట్లు అందరికిని విప్పి చూపుటయే ఓపెన్ సోర్సు.

2003లో అమెరికాయందలి లిండెన్ ల్యాబ్ సంస్థ సెకండ్ లైఫ్ అను లోకమును తెరచెను. 2007 జనవరిలో ఆ సంస్థ, ఆ లోకమును చూచుటకు మన కంప్యూటరులో నుంచుకొను వ్యూయరు వ్రాతను వెల్లడించెను గాని, సర్వరు వ్రాతను వెల్లడింపలేదు. కిటికీ మనకిచ్చి యిల్లు తా నుంచుకొన్నట్లాయెను. ఆ నెలలోనే డారెన్ గార్డ్ అను నాతడు ఆ కిటికీకి దగిన యింటిని గట్ట మొదలిడెను. అదియే ఓపెన్ సిమ్యులేటరు. ఎవరైనను దానిని వెలలేక తెచ్చుకొని, తమ కంప్యూటరులోనే 256 మీటర్ల పొడవును, అంతే వెడల్పును గల నేలను నెలకొల్పుకొనవచ్చును.

ఇంటికొక లోకమైనచో రాకపోక లెట్లు? ఈ చిక్కును విప్పినవా రొక విదుషీమణి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖలో ఆచార్యులగు క్రిస్టా లోపెస్ గారు 2008లో హైపర్‌గ్రిడ్ అను మార్గమును గల్పించిరి. దానివలన ఒకరి సర్వరునందలి ప్రతిమ మరియొకరి సర్వరునకు చుట్టపుచూపుగా పోవచ్చును. మనలో ‘ఫలాని యూరివారు, ఫలానివారి కోడలు’ అని చెప్పుకొనునట్లే, ఆ ప్రతిమ పేరు వెంట దాని స్వస్థలపు పేరును నుండును. దాని వస్తువుల పెట్టె స్వగృహముననే యుండును. కావలసినది పిలిచినపుడు వచ్చును. ఏలిక యొక్కడు లేకయే యూరూరును కలియు నీ యేర్పాటునే వికేంద్రీకరణ మందురు.

ఐనను, వికేంద్రీకరణ మన్నంతనే యన్నియు సురక్షితములని తలపరాదు. ఓపెన్ సిమ్యులేటరు లోకములలో పేరుగన్న ఓఎస్‌గ్రిడ్ నందు పలువురు తమ నేలను తమ కంప్యూటర్లయందే యుంచుకొనిరి గాని, వారి వస్తువులన్నియు నొక్క నడిమి భాండారమున నుండెను. 2014 ఆగస్టులో ఆ భాండారపు డిస్కులు చెడినవి. లోకము నెలలకొలది మూతపడి, 2015లో గాని తిరిగి తెరువబడలేదు. ముందుచూపుతో తమ ప్రాంతము నంతటిని ఓఏఆర్ అను నొక్క ఫైలుగా నకలు దీసి యింట దాచుకొన్నవారు వేరొకచోట మరల గట్టుకొనగలిగిరి. తక్కినవారు వేచియుండవలసి వచ్చెను.

నకలు విలువ యెట్టిదో తెలుగువారికి వేరుగ జెప్పనేల? అన్నమాచార్యుల వారు 32 వేల సంకీర్తనలు రచించిరని ప్రతీతి. అవి రాగిరేకులకెక్కి తిరుమల యాలయమున నొక చిన్న గదిలో శతాబ్దములు పడియుండెను. 1922లో వెలికి వచ్చునాటికి దొరకినవి సగమునకంటె తక్కువ. రాగి చెడదు, నిజమే. కాని యొక్కచోటనే యున్నది యొకనాడు మరపున బడును. తాటియాకు లేపాటివి? చెదలు దిను నట్టి యాకులమీది భారత భాగవతములు మాత్రము ఊరూర నకళ్లు వ్రాయబడుటచే మనదాక వచ్చినవి.

మొజిల్లా సంస్థవారి హబ్స్ చరిత్రయు నిట్లే బోధించును. 2018లో దెరచిన యా కూడలిని వారు 2024 మే 31న మూసివేసిరి. కాని దాని వ్రాత మొదటినుండి బహిరంగమగుటచే, కావలసినవారు తమ సర్వర్లపై దానిని నిలుపుకొని నేటికిని నడపుకొనుచున్నారు. సంస్థ తప్పుకొన్నను లోకము మిగిలెను.

ఇక స్త్రీల కందరికిని గలుగు సందేహ మొకటి గలదు: కావలి యెవరు? పెద్ద లోకములలో ప్రతిమలపై బడి యల్లరిచేయువారిని గూర్చి స్త్రీలు మొరపెట్టగా, 2022 ఫిబ్రవరిలో మెటా సంస్థ తన హొరైజన్ వరల్డ్స్ నందు ప్రతిమకును ప్రతిమకును నడుమ దాదాపు నాలుగడుగుల యెడముండునట్లు నియమించెను. చిన్న సర్వరున నట్టి నియమమును చేయువారు మనమే. పొరపాటు జరిగినచో మొరవినవలసినవారమును మనమే. ఇది బరువే. ఐనను, గుమ్మములోని కెవరు రావలెనో నిర్ణయించు నధికార మింటి యిల్లాలిదైనచోట భద్రత యెక్కువయని నా నమ్మకము.

దీనికి లువాంటి మంచి యుదాహరణము. 2010లో మైన్‌టెస్ట్ అను పేర మొదలై, 2024లో ఈ పేరు దాల్చిన యీ ఓపెన్ సోర్సు లోకమున పిల్లలు దిమ్మెలు పేర్చి కోటలు, వంతెనలు కట్టుకొందురు. పాత కంప్యూటరొకటి దాని సర్వరునకు చాలును. ఇంటిలోని వైఫైయే చాలు, బయటి ఇంటర్నెట్టుతో బనిలేదు. సర్వరు గలవారు కట్టు హక్కును, మాటలాడు హక్కును వేర్వేరుగా నియ్యవచ్చును, తీసివేయవచ్చును. తన బడిపిల్లలు ముప్పదిమందికి మాత్రమే తలుపు తెరచి, మ్యాపులో చూచిన గోలకొండను వారిచేతనే కట్టించు నుపాధ్యాయునకు ఏ దూరదేశపు సంస్థ యనుమతియు నక్కరలేదు. అమెరికాలో బెరుగు మనుమరాండ్రకు అమ్మమ్మ పాటలు వినిపించు నింటిని గూడ నిట్టి స్వంత సర్వరుపై గట్టవచ్చును. ఆ కంఠస్వరము ముందుతరమునకు మిగులునా యనునదే యిందలి యసలు విషయము.

ఇందుకు సాయము దూరమున లేదు. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ యను సంస్థ 2005 నుండి స్వేచ్ఛా సాఫ్టువేరును బోధించుచు, తెలుగున బనిచేయు ఆపరేటింగు సిస్టమును గూడ సిద్ధపరచెను. 2003లో నారంభమైన తెలుగు వికీపీడియా వ్యాసముల నెవరైనను మూలము పేర్కొని వాడుకొనవచ్చును. ఇక సంస్థల నెట్లు నిలుపవలెనో మన పెద్దలే చూపియున్నారు. నిజాము పాలనలో తెలుగు చదువునకు ఆదరణ కొఱవడిన దినములలో, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో మన సికింద్రాబాదుననే ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును చందాలతో వెలసినవి. ఒక మహాభవనమునకై వా రెదురుచూడలేదు. ఊరి కొక బీరువాతో మొదలిడిరి.

కావున సోదరీమణులు పిల్లల నేదేని వర్చువల్ లోకమున జేర్చునపుడు మూడు మాటలడుగుట మేలు. సర్వ రెవరిది? వ్రాత బహిరంగమైనదా? కట్టినదానిని నకలుదీసి యింటికి దెచ్చుకొన వీలగునా? మూడింటికిని తగిన యుత్తరము దొరకనిచో, పిల్ల లందాడుకొనవచ్చును గాని, పోయినచో మరల దొరకని దేదియు నందుంచరాదు. ఈ వేసవి సెలవులలో మూలబడిన కంప్యూటరును దుమ్ముదులిపి, ఇరుగుపొరుగు నలుగురు తల్లులు గూడి చిన్న సర్వరొకటి నడపి చూచినచో నేర్చుకొనవలసినది పనిలోనే తెలియును. నెల కొకసారి నకలు దీయు పని మాత్రము ఒకరిపేర వ్రాసియుంచుడు.