మంద ఉంటేనే అందం

జీబ్రాలు రెండు, నియాన్ టెట్రాలు రెండు, ఏంజెల్ ఒకటి, పిల్లాడు మారాం చేశాడని రెండు గోల్డ్‌ఫిష్‌లు... కొత్తగా అక్వేరియం కొన్నవాళ్లు చాలామంది ఇలాగే తెచ్చేస్తారు. నెల తిరిగేసరికి సగం ఖాళీ. ‘మా ఇంటి నీళ్లు పడలేదండీ’ అంటారు. నీళ్ల సంగతి సరే, అసలు లెక్కలోనే తేడా ఉంది.

జీబ్రా, నియాన్, రాస్‌బోరా, చెర్రీబార్బ్... ఇవన్నీ మందలో బతికే చేపలు. పది కలిసి తిరుగుతుంటే వేటాడే చేపకు ఏ ఒక్కదాని మీదా గురి కుదరదు. అదే వాటి ధైర్యం. ఒకటో రెండో అయితే బెదిరిపోయి మొక్కల చాటున నక్కుతాయి. మేత సరిగా తినవు, రంగు వెలిసిపోతుంది. అందుకే ఒక్కో రకం కనీసం ఆరు ఉండాలి. రెండడుగుల తొట్టెలో అయిదు రకాలు కుక్కేకన్నా ఒకే రకం పది వేసి చూడండి, ఆ సొగసే వేరు!

మరి ఏ రకం? ఎర్ర, నీలి చారలతో మెరిసే నియాన్ మీద అందరికీ మోజే. కానీ అది అమెజాన్ అడవుల చేప. 22 నుంచి 26 డిగ్రీల నీళ్లలో హాయిగా ఉంటుంది. రోహిణీకార్తెలో బెజవాడ సంగతి తెలిసిందే కదా! పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. ఆ సమయంలో కరెంటు పోయి గాలి పంపు ఆగిందో... చెప్పక్కర్లేదు. చల్లని గది లేని ఇంట్లో నియాన్ల జోలికి పోకపోవడమే మేలు.

జీబ్రా అలా కాదు. మన ఉపఖండపు చేపే. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద రాసిన పుస్తకంతో లోకానికి తెలిసింది. ఎండనీ చలినీ ఓర్చుకుంటుంది. గుడ్డులోని పిల్ల అద్దంలా కనిపిస్తుంది కాబట్టి ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దీన్ని పెంచుతున్నారు. అంతెందుకు, మన కాలువల్లో, పొలం బోదెల్లో తిరిగే పరిగెలూ మంద చేపలే. తోక మొదట్లో నల్లచుక్కతో ఆరేడు కలిసి మలుపు తిరుగుతుంటే పులుసు గుర్తుకు రాదు! కాకపోతే కాలువ చేపను రెండు వారాలు వేరే తొట్టెలో ఉంచి, జబ్బేమీ లేదనుకున్నాకే కలపాలి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచాకే వాడండి. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లు వద్దు. కొత్త తొట్టెలో చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా పెరగడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా రెండు మూడు చొప్పునే చేపలు పెంచుకుంటూ పోవాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తోమితే ఆ బ్యాక్టీరియా పోతుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. వారానికి పావువంతు నీళ్లు మార్చితే చాలు.

వేసవిలో మేత తగ్గించండి. మూత తీసి పైన సన్నని వల కట్టి, నీటి మీదుగా ఫ్యాన్ గాలి తగలనిస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసుముక్కలు గుమ్మరించవద్దు, ఒక్కసారిగా చల్లబడితే తట్టుకోలేవు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

తోడు చేపల విషయానికొస్తే, టైగర్‌బార్బ్ పక్కవాటి రెక్కలు కొరుకుతుంది. ఏంజెల్ పెద్దదైతే నియాన్లను మింగేస్తుంది. పాచి తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. తొట్టె చాలక కొందరు దాన్ని కాలువలో వదిలేస్తారు. చెరువుల్లోకి చేరి, గట్టి ముళ్లతో వలలు చింపి, జాలర్ల చేత ‘దెయ్యం చేప’ అనిపించుకుంటున్నది అదే. పెంచలేకపోతే అమ్మిన దుకాణానికే తిరిగివ్వండి. బందరు కాలువలో మాత్రం వేయకండి.